జొన్న చేనులో చనిపోయిన బర్రెలు: నామా, ఎవరైనా పెట్టిన విషమా? శవపరీక్ష నుంచి కోర్టు దాకా

దేవరకొండ పాడిరైతు:

సభ్యులందరికీ నమస్కారం. మా పక్క ఊళ్లో ఒకే పూట మూడు బర్రెలు చనిపోయాయి. కోత అయిపోయాక వాన లేక వాడిపోయి, మళ్లీ ఒక జల్లు పడగానే చిగురు వేసిన జొన్న మోళ్లను మేసిన కొద్దిసేపటికే అవి రొప్పుతూ పడిపోయాయని కాపరి చెబుతున్నాడు. యజమాని మాత్రం, గట్టు తగాదా ఉన్న పక్క చేనువాళ్లు తవుడులో గుళికల మందు కలిపి పెట్టారని పట్టుబట్టి ఠాణాలో ఫిర్యాదు ఇచ్చాడు. పశువైద్యాధికారి శవపరీక్ష చేసి భాగాలు సీసాల్లో పెట్టి పంపించారు. ఫలితం రాలేదు గానీ, ఊరు అప్పుడే రెండు పక్షాలైంది. నాము వల్ల, అంటే లేత జొన్నలోనే ఉండే విషం వల్ల చావుకూ, మనిషి పెట్టిన విషం వల్ల చావుకూ ఉన్న తేడాను శాస్త్రం నిజంగా తేల్చగలదా? తేల్చగలిగితే, ఆ తేల్చే అవకాశం చెడిపోకుండా ఊరివాళ్లు ఏం చేయాలి? తెలిసినవారు వివరంగా రాయగలరు.

నల్లగొండ పశువైద్యుడు:

తేల్చగలదు, కానీ సమయానికి తీసిన నమూనా ఉంటేనే. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇక్కడ ఒకటి కాదు, మూడు అవకాశాలున్నాయి.

మొదటిది నాము. లేత జొన్నలో, ముఖ్యంగా బెట్టకు గురై మళ్లీ చిగురించిన పిలకల్లో, ధురిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. పశువు నమిలినప్పుడు, ఆ తరువాత పెద్దపొట్టలోని సూక్ష్మజీవుల వల్ల, దాని నుంచి హైడ్రోసయనిక్ ఆమ్లం విడుదలవుతుంది. అది రక్తంలోని ప్రాణవాయువును శరీర కణాలు వాడుకోకుండా అడ్డుపడుతుంది కాబట్టి, రక్తంలో ప్రాణవాయువు ఉన్నా పశువు ఊపిరాడనట్టు చనిపోతుంది. వెంటనే కోసి చూస్తే రక్తం చెర్రీపండు ఎరుపులో కనిపించడానికి కారణం ఇదే. కొన్ని గంటలు గడిస్తే ఆ రంగు మారిపోతుంది. చేదు బాదం వాసన వస్తుందని పాఠాల్లో చదువుతాం గానీ, ఆ వాసనను పసిగట్టే శక్తి అందరి ముక్కులకూ ఉండదు కనుక దాని మీద ఆధారపడి నివేదిక రాయకూడదు. పెద్దపొట్టలోని మేతను సీసాలో వేసి, పిక్రేట్ పూసిన పసుపుపచ్చ కాగితాన్ని దానికి తగలకుండా పైన వేలాడదీసి మూత బిగిస్తే, సయనైడ్ ఉన్నప్పుడు కాగితం ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. ఇది పొలం గట్టు మీద చేయదగిన పరీక్షే గానీ, కోర్టుకు మాత్రం ప్రయోగశాల నివేదిక కావాలి.

రెండవది గుళికల మందు, అంటే ఆర్గానోఫాస్ఫేట్ లేదా కార్బమేట్ జాతి పురుగుమందు. నోటి నుంచి నురగ, కళ్లలో నీరు, సూదిమొనంత అయిన కంటిపాపలు, పారుడు, కండరాల వణుకు దీని గుర్తులు. కోసి చూస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఉంటుంది, పొట్టలో మందు వాసన కొట్టవచ్చు. ఇక్కడ మెదడు నమూనా చాలా విలువైనది. ఈ మందులు కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అణచివేస్తాయి, మెదడులో దాని స్థాయి ఎంత పడిపోయిందో కొలవవచ్చు. అయితే పుర్రె తెరవడం శ్రమతో కూడిన పని కాబట్టి చాలా శవపరీక్షల్లో మెదడు జోలికి పోరు.

మూడవదాన్ని ఊళ్లో ఎవరూ తలచుకోరు. యూరియా బాగా చల్లిన, ఆ తరువాత బెట్టకు వచ్చిన జొన్నలో నైట్రేట్ పేరుకుంటుంది. అది ఎక్కువైతే రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. మిగతా శరీరం కుళ్లడం మొదలైనా కంటిగుడ్డులోని ద్రవంలో నైట్రేట్ కొంతకాలం నిలిచి ఉంటుంది కనుక, దాన్ని సిరంజితో తీసి పంపడం మంచి పద్ధతి.

మీ పక్క ఊళ్లో రక్తం ఏ రంగులో ఉందో శవపరీక్ష కాగితంలో రాశారా అన్నది ముందుగా చూడండి.

విశ్రాంత రసాయన పరీక్షకుడు:

డాక్టరు గారు నమూనా ఉంటేనే అన్నారు. ఇన్నేళ్లు ఆ సీసాలను విప్పినవాడిగా అందులో ఒక్కో తప్పు ఎలా ఉంటుందో చెప్పడం అవసరమనుకుంటున్నాను.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఫార్మలిన్. కణజాల పరీక్షకు అది తప్పనిసరి, ముక్క పరిమాణానికి పదింతలు ద్రావణం ఉండాలి. కానీ విష పరీక్షకు పంపే కాలేయాన్ని, పొట్టలోని మేతను ఫార్మలిన్‌లో వేస్తే చాలా విషాల పరీక్ష అక్కడితో ముగిసినట్టే. విష పరీక్షకు మంచులో గడ్డకట్టించి పంపడం ఉత్తమం. అది కుదరకపోతే ఉప్పు ఇక కరగనంతగా కలిపిన సంతృప్త ద్రావణం వాడతారు. అదే ఉప్పునీటిని మరో సీసాలో ఏ భాగమూ వేయకుండా విడిగా పంపాలి. అది లేకపోతే, విషం ఉప్పులోనే ఉందేమోనని ఎదుటి వకీలు అడిగే ఒక్క ప్రశ్నకు మా దగ్గర జవాబు ఉండదు.

పొట్టలోని మేత, కాలేయం, మూత్రపిండం ఒకే సీసాలో కలిపి పంపడం రెండవ తప్పు. పొట్టలో విషం ఉందంటే పశువు మింగిందని అర్థం. కాలేయంలో కూడా ఉందంటే అది రక్తంలో కలిసి శరీరమంతా తిరిగిందని అర్థం. చనిపోయిన తరువాత ఎవరో నోట్లో మందు పోశారన్న వాదన వచ్చినప్పుడు ఈ తేడాయే నిలబడుతుంది. రెండూ కలిపేస్తే ఆ తేడా పోతుంది.

మూత వదులుగా ఉండడం మూడవది. సయనైడ్, ఎలుకల మందు జింకు ఫాస్ఫైడ్ నుంచి పుట్టే ఫాస్ఫీన్ రెండూ ఆవిరై పోయేవే. సీసాను పోలీసు ఠాణా బీరువాలో నిలువ ఉంచి, ఎండాకాలంలో బస్సులో హైదరాబాదుకు తెస్తే, అది మా బల్ల మీదికి చేరేసరికి అందులో మిగిలేదేమిటి? అందుకే 'విషం కనుగొనబడలేదు' అన్న నివేదికకు 'విషం పెట్టలేదు' అని అర్థం చెప్పుకోకూడదు. ఆ నమూనాలో, ఆ స్థితిలో, మేము వెతికిన విషాలు దొరకలేదని మాత్రమే దాని అర్థం.

ఇంకొక మాట. 'విషం అనుమానం, పరీక్షించగలరు' అని ఒక్క వాక్యం రాసి పంపితే, ప్రపంచంలో ఉన్న విషాలన్నిటి కోసం వెతకమన్నట్టే. లక్షణాలు, ఎంతసేపట్లో చనిపోయింది, ఏం మేసింది, ఆ చుట్టుపక్కల ఏ మందులు కొడతారు, చికిత్సలో ఏం ఇచ్చారు అన్నవి రాయాలి. అట్రోపిన్ ఎక్కించి ఉంటే అది కూడా చెప్పాలి. లేకపోతే అదే మాకు వేరే ఆల్కలాయిడ్ విషంలా కనిపించి దారి తప్పిస్తుంది.

కొల్లాపూర్ గొర్ల కాపరి:

పెద్దలు చెప్పింది బాగుంది గానీ, నాకు ఒక సందేహం. మా దిక్కు ఒకరి మందలో పొట్టేలు ఉన్నట్టుండి చనిపోతే, ముక్కు నుంచి నల్లటి రక్తం కారుతోందని డాక్టర్ సాబ్ కోయనే కోయనన్నారు. పోస్టుమార్టం కాగితం లేదని బీమా రాలేదు. విషం పెట్టారని అనుమానం ఉన్నా ఎవరూ చూడలేదు. కోయకపోవడం న్యాయమేనా?

నల్లగొండ పశువైద్యుడు:

న్యాయమే, పైగా ఆయన మీకు మేలు చేశారు. ఉన్నట్టుండి చావు, ముక్కు, మలద్వారం వంటి రంధ్రాల నుంచి గడ్డకట్టని తారు వంటి రక్తం కనిపిస్తే మొదట అనుమానించవలసింది దొమ్మ, అంటే ఆంత్రాక్స్. ఆ బ్యాక్టీరియా శవం లోపల ఉన్నంతవరకు ఒక రకం, గాలి తగిలితే గట్టి బీజాలుగా మారి నేలలో దశాబ్దాలు బతుకుతుంది, మనుషులకూ అంటుతుంది. కోస్తే ఆ మేత భూమినే పాడుచేసినట్టు. చెవి నరం నుంచి చుక్క రక్తం తీసి గాజు పలకపై పూసి, పాలీక్రోమ్ మెథిలీన్ బ్లూ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, నీలి కడ్డీల చుట్టూ గులాబీ పొర కనిపిస్తుంది. అది కనిపిస్తే కోయకుండా లోతుగా పూడ్చి సున్నం వేయాలి.

అయితే ఆ రక్తపు పలక పరీక్ష ఫలితాన్నీ, కోయకపోవడానికి కారణాన్నీ రాసి సంతకం చేసి ఇవ్వాలి. చేయని శవపరీక్షకు కూడా కాగితం ఉండాలన్నది నా అభిప్రాయం. ఆ కాగితం మీవాళ్లు అడగలేదేమో, ఆయన ఇవ్వలేదేమో నాకు తెలియదు.

అంతేకాక, జీవాల్లో ఉన్నట్టుండి చావులు విషంవల్లే అనుకోవడం మన దగ్గర అలవాటైంది. తొలకరి పచ్చిక మేసిన మందలో చిటుక రోగం వచ్చినా అంతే వేగంగా చస్తాయి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఎప్పుడు వేయించారో తేదీతో చెబితే శవపరీక్ష చేసేవాడికి సగం దారి దొరుకుతుంది.

పాలమూరు వకీలు:

చట్టం వైపు నుంచి కొన్ని మాటలు. పశువును చంపడం, విషం పెట్టడం, అవిటిది చేయడం, పనికిరాకుండా చేయడం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షన్ కిందికి వస్తాయి. 2024 జూలై 1 నుంచి ఇది అమలులో ఉంది. అయిదేళ్ల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో 428, 429 సెక్షన్లు పశువు విలువను పది రూపాయలు, యాభై రూపాయలు అని లెక్కగట్టేవి, ఆ లెక్క ఇప్పుడు పోయింది. ఇది పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన నేరం. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద మొదటి నేరానికి జరిమానా ఇప్పటికీ పది రూపాయల నుంచి యాభై రూపాయలే కాబట్టి, ఫిర్యాదులో ఆ ఒక్కటే రాయించి ఊరుకుంటే కేసుకు బలం ఉండదు.

ఇక్కడ ఎవరూ గమనించని ఒక చిక్కు ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 176వ సెక్షన్ మూడవ ఉపసెక్షన్ ప్రకారం, ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు సంఘటన స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలి. 325వ సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష అయిదేళ్లే. అంటే బర్రెలు చనిపోయిన చేనుకు ఆ నిపుణుడు రావలసిన చట్టబద్ధమైన బాధ్యత లేదు. కాబట్టి మన పల్లెల్లో ఫోరెన్సిక్ అంతా మండల పశువైద్యాధికారి చేతి మీద, పంచనామా రాసే హెడ్ కానిస్టేబుల్ కలం మీద నడవవలసిందే.

ఆ పంచనామాలో శవం ఎక్కడ, ఏ దిక్కుకు తల పెట్టి పడివుందో, పక్కన తవుడు తొట్టి ఉందా, ఆ తొట్టిని విడిగా సీలు చేశారా, ఎవరి ఎదుట చేశారు అన్నవి ఉండాలి. సీసా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏ రోజు, ఏ గంటకు మారిందో ప్రతి మలుపునా సంతకం ఉండాలి. నివేదిక ఎంత గొప్పగా ఉన్నా, మధ్యలో ఒక రోజుకు లెక్క లేకపోతే ముద్దాయి వకీలుగా నేనే దాన్ని కొట్టిపడేయిస్తాను.

పైగా, విషం దొరికినంత మాత్రాన కేసు గెలవదు. నష్టం కలిగించాలన్న ఉద్దేశం లేదా కలుగుతుందన్న ఎరుక రుజువు కావాలి. పురుగుమందు కలిపిన బకెట్ గట్టున మరచిపోతే బర్రె వచ్చి తాగిందంటే అది వేరే సంగతి. నివేదిక విషం పేరు చెబుతుంది గానీ మనిషి పేరు చెప్పదు. అందుకే తొట్టిలోని తవుడు, అనుమానితుని ఇంట్లోని మందు డబ్బా, పొట్టలోని మేత మూడింటిలో ఒకే మందు, ఒకే రకం మిశ్రమం ఉన్నాయా అని పోల్చమని పరీక్షా లేఖలోనే అడగాలి.

విశ్రాంత రసాయన పరీక్షకుడు:

వకీలు గారి చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తూనే, ఒక హద్దు చెప్పాలి. రసాయన పరీక్షకు దొరకని విషాలు కూడా ఉన్నాయి. గురిగింజలోని ఎబ్రిన్, ఆముదం గింజలోని రిసిన్ ప్రోటీన్లు. మామూలు పురుగుమందుల కోసం చేసే పరీక్షల్లో అవి బయటపడవు. తోలు వ్యాపారం కోసం పశువులను గురిగింజ ముద్దతో చేసిన ముల్లు గుచ్చి చంపేవారని పాత పశు న్యాయవైద్య పుస్తకాల్లో ప్రత్యేకంగా రాశారు. పశువు పాము కరిచినట్టు వాచి చనిపోతుంది. వాపు మీది వెంట్రుకలు గొరిగి, చర్మాన్ని తెరిచి, లోపల ముల్లు తునక కోసం వెతకాలి. ఆ తునకే ఆధారం, కాలేయం కాదు. పాముకాటు అని రాసే ముందు ఎవరైనా ఈ పని చేస్తున్నారా?

మన జిల్లాల్లో ఆముదం సాగు బాగానే ఉంది కాబట్టి, ఆముదం గింజలు, పిండి తిన్న పశువుల్లో రక్తవిరేచనాలతో చావులు వస్తే పగవాడి కంటే ముందు గానుగ సంచిని అనుమానించాలి. పొట్టలోని మేతను నీటిలో కడిగి వడగడితే మచ్చల గింజ పొట్టు కంటికే కనిపిస్తుంది. పరికరం అవసరం లేని ఫోరెన్సిక్ ఇది.

మిర్యాలగూడ బీమా పరిశీలకుడు:

మా పనిలో విషం కంటే ఎక్కువగా వచ్చే తగాదాలు రెండు. కడుపుబ్బి చనిపోయిందా లేక చనిపోయాక ఉబ్బిందా అన్నది మొదటిది. మన ఎండలకు ఏ శవమైనా కొన్ని గంటల్లో ఉబ్బుతుంది. పెద్దపొట్టలో మేత పులియడం చావుతో ఆగదు. తేడా ఆహారనాళంలో ఉంటుంది. బతికి ఉండగా ఉబ్బితే, ఆ ఒత్తిడికి మెడ భాగంలోని నాళం ఎర్రగా కమిలి, ఛాతీ లోపలి భాగం పాలిపోయి, రెండింటి మధ్య స్పష్టమైన గీత ఏర్పడుతుంది. చనిపోయాక ఉబ్బిన పశువులో ఆ గీత ఉండదు. ఆ నాళాన్ని పొడవునా చీల్చి ఒక ఫొటో తీసి జతపరిస్తే సగం వివాదాలు మొదటి రోజే తేలిపోతాయి.

రెండవది కరెంటు. తెగిన తీగ తగిలి చనిపోయిన పశువుకు కాళ్ల దగ్గర, మూతి దగ్గర కాలిన మచ్చ ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు. కాబట్టి శవాన్ని జరపక ముందే తీగ, స్తంభం, శవం ఒకే చిత్రంలో వచ్చేలా ఫొటో తీయాలి. పిడుగుకైతే చెట్టు చీలిక, నోట్లో నమలకుండా మిగిలిన మేత, చర్మం మీద చారలుగా కమిలిన వెంట్రుకలు చూస్తాం.

ఇక చనిపోయింది బీమా చేసిన పశువేనా అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది. పన్నెండు అంకెల చెవిపోగు ఊడిపోతుంది, మారుస్తారు కూడా. మూతి మీది గీతలు మన వేలిముద్రల్లా ఒక్కో పశువుకు ఒక్కో తీరు. బీమా రోజునే మూతిని దగ్గరగా ఫొటో తీసి ఉంచితే ఆ వాదన ఉండదు. పళ్లు చూసి వయసు కట్టే పద్ధతిని మర్రిగూడ, మునుగోడు వైపు నేను నమ్మను. ఫ్లోరైడు నీళ్లు తాగిన పశువుల పళ్లు మచ్చలు పడి, వయసుకు మించి అరిగిపోతాయి. నాలుగేళ్ల బర్రెను ముసలిదని కొట్టివేసిన కాగితాలు నేను చూశాను.

అచ్చంపేట అటవీ ఉద్యోగి:

అడవి అంచు ఊళ్ల సంగతి కొంచెం వేరు. చిరుతో పెద్దపులో ఆవును చంపిందన్నప్పుడు, నష్టపరిహారానికి ముందు అది నిజంగా వేటేనా, లేక రోగంతో చచ్చిన దాన్ని ఊరకుక్కలు పీక్కుతిన్నాయా అని చూడాలి. బతికి ఉండగా పడిన కోరల గాయం చుట్టూ చర్మం కింద రక్తం గడ్డకడుతుంది, చచ్చిన తరువాత కొరికితే కట్టదు. పులి జాతి జంతువు గొంతు పట్టుకుంటుంది, కుక్కలు తొడల వెనుక, పొదుగు దగ్గర చీలుస్తాయి. ఇంకా అనుమానం ఉంటే గాయం నుంచి దూదిపుల్లతో లాలాజలం తీసి, నీడన ఆరబెట్టి కాగితపు కవరులో పెడతాం. ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పట్టి జన్యు పదార్థం పాడవుతుంది. హైదరాబాద్ అత్తాపూర్‌లోని లాకోన్స్‌లో, అంటే సీసీఎంబీ వారి ప్రయోగశాలలో, అటువంటి నమూనా ఏ జంతువుదో చెబుతారు.

మాకు అసలు భయం దీని తరువాతి అంకం. కోపంతో ఆవు శవం మీద పురుగుమందు చల్లితే, తిరిగి వచ్చిన పులి, నక్కలు, రాబందులు అన్నీ చస్తాయి. అమ్రాబాద్ అభయారణ్యం పరిధిలో అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, అక్కడ శిక్ష పశువు కేసు లాంటిది కాదు.

పాలమూరు వకీలు:

కుక్కల విషయం కూడా ఒకమాట. 2024 ఫిబ్రవరిలో మన అడ్డాకుల మండలం పొన్నకల్‌లో ముసుగులు వేసుకుని వచ్చినవాళ్లు వీధికుక్కలను తుపాకీతో కాల్చి చంపిన కేసు అందరికీ గుర్తుండే ఉంటుంది. అటువంటి కేసుల్లో పశువైద్యుడు తీసే తూటాయే కేసుకు ప్రాణం. డాక్టరు గారు, దాని గురించి మీరు రెండు మాటలు చెప్పండి.

నల్లగొండ పశువైద్యుడు:

వీలైతే కోయక ముందే ఎక్స్‌రే తీయాలి. తూటాను ఇనుప చిమటాతో లాగితే దాని మీది గాడి గీతలు చెరిగిపోతాయి. ఆ గీతలతోనే ఏ తుపాకీ నుంచి వచ్చిందో పోలుస్తారు కాబట్టి, చేతివేళ్లతో గానీ, రబ్బరు తొడిగిన చిమటాతో గానీ తీయాలి. తూటా దూరిన చోటు చర్మాన్ని వెంట్రుకలతో సహా కోసి భద్రపరచాలి. ఎంత దూరం నుంచి కాల్చారో చెప్పే మసి అక్కడే ఉంటుంది.

కొల్లాపూర్ గొర్ల కాపరి:

ఇవన్నీ చదివితే బాగానే ఉంది. రాత్రి ఎనిమిదింటికి జీవం చస్తే, డాక్టర్ సాబ్ తెల్లారి పదింటికి వస్తారు. ఆలోగా శవం ఏ స్థితిలో ఉంటుందో మీకు తెలుసు. సీసాలు, మంచుపెట్టె ఏ ఆసుపత్రిలో సిద్ధంగా ఉన్నాయి? 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య బండి వస్తుంది గానీ అది బతికున్న వాటికి.

విశ్రాంత రసాయన పరీక్షకుడు:

కాపరి తమ్ముడి ప్రశ్నే ఈ చర్చలో అన్నిటికన్నా గట్టిది. ఈ రాష్ట్రంలో ప్రయోగశాలలకు కొదవ లేదు. రెడ్‌హిల్స్‌లో రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది, మాంసం ఏ జాతిదో తేల్చడానికి చెంగిచెర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది, రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. కొరత అంతా చేను నుంచి ప్రయోగశాల దాకా ఉన్న దారిలోనే. మూత బిగిసే గాజు సీసాలు, రాతి ఉప్పు, లక్క, మంచుపెట్టె, ముద్రించిన పరీక్షా లేఖలు కలిపి ఒక పెట్టెగా ప్రతి మండల పశువుల ఆసుపత్రిలో ఉంచడానికి పెద్ద ఖర్చు కాదు. పశుసంవర్ధక శాఖకు గ్రామ పంచాయతీ తీర్మానంతో రాసి అడగండి.

దేవరకొండ పాడిరైతు:

అందరికీ కృతజ్ఞతలు. శవపరీక్ష కాగితం సంపాదించి చూశాను. 'రక్తం ముదురు రంగు' అని ఉంది గానీ, చనిపోయిన ఎన్ని గంటలకు కోశారో లేదు. మెదడు తీయలేదు. ఆ జొన్న చేనులో మోళ్లు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు కోసి పంపితే ఏమైనా ప్రయోజనం ఉందా?

నల్లగొండ పశువైద్యుడు:

ఉంది, కొంతమేరకు. బర్రెలు మేసిన చోటు నుంచే, పంచుల ఎదుట, పూతకు రాని పిలకలను మొదలంటా కోసి, గాలి పోకుండా కట్టి, మంచులో పెట్టి పంపండి. కోసిన తేదీ, గంట, చివరి వాన ఎప్పుడు పడిందో, యూరియా ఎప్పుడు చల్లారో కూడా రాయండి. ఇన్ని రోజుల్లో సయనైడ్ స్థాయి తగ్గి ఉండవచ్చు కాబట్టి, తక్కువ వస్తే నాము కాదని చెప్పలేము. ఇప్పటికీ ఎక్కువగా ఉందని వస్తే మాత్రం పక్క చేనువాళ్ల మీది అనుమానానికి గట్టి జవాబు దొరికినట్టే. తవుడు తొట్టి ఇంకా ఉంటే కడగనివ్వకండి, దాన్ని కూడా సీలు చేయించండి. నివేదిక వచ్చేదాకా ఆ చేనులోకి ఏ పశువునూ తోలవద్దని ఊళ్లో చాటింపు వేయించండి. మోళ్లను కోసి బాగా ఎండబెట్టాక వేస్తే నాము ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.